పిలవని పేరంటం: హెర్-2 గ్రాహకం చరిత్ర

అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలు దాదాపు రెండు వారాల దాకా కళ్ళు తెరవవు. 1950ల చివర్లో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, రీటా లెవీ-మోంటాల్చీనీతో కలిసి నాడీకణాల పెరుగుదలను ప్రేరేపించే పదార్థంపై పనిచేస్తున్నాడు. మగ ఎలుకల లాలాజల గ్రంథుల నుండి తీసిన సారాన్ని ఆ పసికూనలకు ఎక్కించి చూస్తే, అవి వారం రోజులకే కళ్ళు విప్పాయి. పళ్ళు కూడా ముందుగానే మొలిచాయి. నాడీకణాలకూ కనురెప్పలకూ సంబంధం లేదు. సారంలో ఏదో మలినం కలిసిందని ఇంకొకరైతే దాన్ని పారబోసేవారే. కోహెన్ ఆ మలినం వెంటే పడ్డాడు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మారిన తరువాత 1962లో దాన్ని శుద్ధి చేసి ప్రకటించాడు. చర్మకణాలను త్వరత్వరగా విభజింపజేసే 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. దానికి చర్మవృద్ధి కారకం అని పేరు.

రొమ్ము క్యాన్సర్‌లో అతి తీవ్రమైన ఒక రకాన్ని నడిపే ప్రోటీన్ చరిత్ర ఈ ఎలుక పిల్లల కనురెప్పల దగ్గర మొదలవుతుంది. కారకం దొరికింది కాబట్టి, దాన్ని గుర్తుపట్టే గ్రాహకం కణం పైపొరలో ఉండి తీరాలి. ఆ గ్రాహకం తలుపుకు బిగించిన గంట వంటిది. మీట బయట ఉంటుంది, మోత లోపల వినిపిస్తుంది. బయట కారకం వచ్చి అంటుకుంటే లోపలికి వార్త ఎలా చేరుతుందన్నది తరువాతి ఇరవై ఏళ్ళ ప్రశ్న.

దానికి జవాబు కోళ్ళ నుండి వచ్చింది. 1911లో పేటన్ రౌస్ కోళ్ళలో కణితిని ఒకదాని నుండి మరొకదానికి అంటించే వైరస్‌ను కనుగొన్నాడు. ఆ పనికి నోబెల్ బహుమతి 1966లో, అంటే యాభై అయిదేళ్ళ తరువాత, అందింది. ఆ వైరస్‌లో కణితికి కారణమైన జన్యువు పేరు సార్క్. అది వైరస్ సొంత సొత్తు కాదనీ, మామూలు కోడి కణం నుండి ఎప్పుడో ఎత్తుకుపోయినదనీ 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ బృందం చూపింది. క్యాన్సర్ జన్యువులు బయటినుండి వచ్చిపడేవి కావు. మన కణాలలో రోజూ పనిచేసే జన్యువులే దారి తప్పుతాయి. ఈ మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యంగా కనిపిస్తుంది గాని, అప్పట్లో అది క్యాన్సర్ గురించిన ఆలోచననే తలకిందులు చేసింది.

సార్క్ ప్రోటీన్ చేసే పని ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం. అప్పటివరకు తెలిసినంతలో ఫాస్ఫేట్ సెరిన్, థ్రియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాల మీదే చేరేది. 1979లో సాక్ సంస్థలో టోనీ హంటర్ ఇటువంటి వైరస్ ప్రోటీన్ల మీద పనిచేస్తూ, కొత్త ద్రావణం కలుపుకోవడానికి బద్ధకించి పాతదే మళ్ళీ వాడాడు. వాడివాడి దాని ఆమ్లత మారిపోయింది. ఆ మారిన ఆమ్లతలో, మామూలుగా ఒకే చుక్కగా కనిపించేది రెండుగా విడిపోయింది. ఆ రెండో చుక్క టైరోసిన్ అనే మూడో అమైనో ఆమ్లం మీద చేరిన ఫాస్ఫేట్‌ది. మరుసటి ఏడాదికే సార్క్ టైరోసిన్ కైనేజ్ అనీ, కోహెన్ చర్మవృద్ధి కారక గ్రాహకం కూడా అదే పని చేస్తుందనీ తేలింది. గంట మోత అంటే ఇదే: కణం లోపలి వైపు టైరోసిన్లకు ఫాస్ఫేట్లు తగులుకోవడం.

1984లో లండన్‌లో మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం ఈ గ్రాహకంలోని కొన్ని ముక్కల అమైనో ఆమ్లాల వరుసను చదివింది. దాన్ని కంప్యూటర్‌లో సరిపోల్చి చూస్తే, కోళ్ళలో రక్తకణాల క్యాన్సర్ కలిగించే మరొక వైరస్ జన్యువు ఎర్బ్-బితో కలిసింది. వైరస్‌లోని ఎర్బ్-బి, గ్రాహకపు బయటి భాగం తెగిపోగా మిగిలిన ముక్క. మీట ఊడిపోయింది, మోత మాత్రం ఆగదు.

సరిగ్గా ఈ ఏళ్ళలోనే బోస్టన్ వైపు మరొక కథ నడుస్తోంది. ఎం.ఐ.టి.లో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల క్యాన్సర్ కణాల డి.ఎన్.ఏ.ను మామూలు ఎలుక కణాలలోకి చొప్పించి, వాటిని క్యాన్సర్ కణాలుగా మార్చే జన్యువుల కోసం వెతుకుతోంది. తల్లి కడుపులో ఉండగానే రసాయనానికి గురైన ఎలుకల నాడీమండలపు కణితుల నుండి వారికి అటువంటి జన్యువు ఒకటి చిక్కింది. న్యూరోబ్లాస్టోమా అన్న కణితి పేరు మీదుగా దానికి న్యూ అని పేరు పెట్టారు. బొంబాయి నుండి వచ్చిన పరిశోధకుడు లక్ష్మీచరణ్ పాఢీ 1982లో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను పట్టుకున్నాడు. దాని అణుభారం 1,85,000. అప్పటికి తెలిసిన రాస్, సార్క్ వంటి క్యాన్సర్ ప్రోటీన్లన్నీ కణం లోపల దాగి ఉండేవి. ఇది ఒక్కటే కణం పైపొరను దాటి బయటికి తల పెట్టి ఉంది. అంటే మందు కణంలోకి చొరబడనక్కరలేదు, బయటినుండే అందుకోవచ్చు.

పాఢీ వాడిన ప్రతిరక్షకాలు ప్రయోగశాల ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాటిని క్యాన్సర్ కణాల మీద వేసి చూడాలన్న ఆలోచన ఆ రోజుల్లో అక్కడ ఎవరికీ రాలేదు. ఇది తెలివి లేక జరిగినది కాదు. ఆ ప్రయోగశాల దృష్టి అంతా జన్యువుల మీద ఉంది, చికిత్స మీద కాదు. జీవశాస్త్రవేత్తలు, వైద్యులు పక్కపక్క వీధుల్లో ఉంటూ ఒకరి గడప ఒకరు తొక్కని కాలం అది. ఆ లోటును మార్క్ గ్రీన్, ఆయన విద్యార్థి జెఫ్రీ డ్రెబిన్ పూరించారు. 1985లో వారు న్యూ ప్రోటీన్ మీద తయారుచేసిన ప్రతిరక్షకాన్ని వేయగానే, క్యాన్సర్ కణాల పైపొర నుండి ఆ ప్రోటీన్ లోపలికి కుంగిపోయి, కణాల క్యాన్సర్ స్వభావమే తగ్గింది. 1986లో ఎలుకలలోని కణితుల మీద కూడా అది పనిచేసింది. అయినా అది ఎలుక కణితి. మనుషులలో న్యూ ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు.

మనుషులలోని ఆ జన్యువు 1985లో దాదాపు ఒకేసారి మూడు చోట్ల దొరికింది. జపాన్‌లో యమమోటో, తొయోషిమా బృందానికి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో స్టూవర్ట్ ఆరన్సన్ బృందానికి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి జెనెన్‌టెక్ కంపెనీలో ఆక్సెల్ ఉల్రిక్ బృందానికి. ముగ్గురూ మూడు పేర్లు పెట్టారు. వాటిలో ఉల్రిక్ పెట్టిన హెర్-2, అంటే మానవ చర్మవృద్ధి కారక గ్రాహకం వరుసలో రెండవది అన్న పేరు, వైద్యుల నోట నిలిచింది. ఆరన్సన్ బృందం చూసిన రొమ్ము కణితి ఒకదానిలో ఈ జన్యువు ప్రతులు ఉండవలసిన దానికన్నా ఎన్నోరెట్లు ఎక్కువగా ఉన్నాయి. అది ఒక్క కణితి మాత్రమే. కాని ముఖ్యమైన ఆనవాలు.

1986లో ఉల్రిక్ తన జన్యువు గురించి లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఏ.లో ఉపన్యసించాడు. అక్కడి క్యాన్సర్ వైద్యుడు డెనిస్ స్లామన్ ఎన్నో ఏళ్ళుగా శస్త్రచికిత్సలో తీసిన కణితులను గడ్డకట్టించి దాచిపెడుతున్నాడు. ఆ కణితులు ఏ రోగివి, ఆ రోగి తరువాత ఏమైంది అన్న వివరాలూ ఆయన దగ్గర ఉన్నాయి. జన్యువు ఉన్నవాడికి కణితులు లేవు. కణితులు ఉన్నవాడికి జన్యువు లేదు. ఇద్దరూ కలిశారు. ఆ ఒప్పందం ఫలితం 1987 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చింది. 189 రొమ్ము కణితులలో 30 శాతం వాటిలో హెర్-2 జన్యువు ప్రతులు రెండురెట్ల నుండి ఇరవై రెట్లకు పైగా పెరిగి ఉన్నాయి. అటువంటి కణితి ఉన్న స్త్రీలలో, ముఖ్యంగా వ్యాధి చంకలోని లింఫ్ గ్రంథులకు పాకినవారిలో, క్యాన్సర్ త్వరగా తిరగబెట్టింది. వారు త్వరగా మరణించారు. కొన్ని ప్రయోగశాలలకు ఇదే ఫలితం రాక వివాదం రేగింది. 1989లో స్లామన్ మరింత పెద్ద సంఖ్యలో కణితులను జన్యువు, దాని ఆర్.ఎన్.ఏ., ప్రోటీన్ మూడు మెట్ల మీదా పరిశీలించి తన మాట నిలబెట్టుకున్నాడు. కణితి ముక్కలో మామూలు కణజాలం ఎక్కువగా కలిసిపోతే పెరిగిన ప్రతులు పలుచబడి కనిపించవని ఆ పని తేల్చింది. ఇప్పటి లెక్కల్లో ఈ రకం మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 15 నుండి 20 శాతం.

ఇక్కడ ఎలుకకూ మనిషికీ ఉన్న తేడా ఒకటి చెప్పుకోవాలి. ఎలుక న్యూ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. 1986లో కొర్నీలియా బార్గ్‌మన్, మియెన్-చీ హంగ్, వైన్‌బర్గ్ దాన్ని పట్టుకున్నారు. పైపొరలో దూరి ఉండే భాగంలో వాలిన్ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం వచ్చి చేరింది. దానితో గ్రాహకాలు ఒకదానికొకటి అతుక్కుని ఎడతెగక మోగుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువ భాగం అలా కాదు. ప్రోటీన్‌లో తప్పేమీ లేదు, సంఖ్యలోనే ఉంది. మామూలు రొమ్ము కణం మీద వేలల్లో ఉండవలసిన గ్రాహకాలు ఇరవై లక్షల దాకా పేరుకుపోతాయి.

ఆ సంఖ్య అంత ప్రమాదం ఎందుకు తెస్తుందన్నది కుటుంబాన్ని చూస్తే గాని అర్థం కాదు. ఈ గ్రాహకాలు నలుగురు తోబుట్టువులు. కారకం వచ్చి అంటుకున్నప్పుడు గ్రాహకం వంగి ముడుచుకున్న చేతిని చాపుతుంది, పక్కనున్న మరో గ్రాహకం చేతిని పట్టుకుంటుంది, అలా జత కుదిరినప్పుడే లోపలి కైనేజ్‌లు మేల్కొంటాయి. హెర్-2కు మాత్రం దాన్ని పిలిచే కారకం అంటూ ఏదీ లేదు. దశాబ్దం పైగా దానికోసం వెతికి విసిగిన తరువాత, 2003లో స్ఫటిక చిత్రాలు కారణం చూపాయి. హెర్-2 చేయి ఎప్పుడూ చాపే ఉంటుంది. పిలవని పేరంటానికి పోయినట్టు, పిలుపు అందుకున్న ఏ తోబుట్టువుతోనైనా అది జత కడుతుంది. మూడోవాడు హెర్-3 పరిస్థితి దీనికి సరిగ్గా తిరగవేసినట్టు ఉంటుంది. దానికి పిలుపు అందుతుంది, కాని దాని కైనేజ్‌లో చేవ తక్కువ. చెవిటివాడు, మూగవాడు కలిసి ప్రయాణం చేసిన చందంగా, విడివిడిగా అసంపూర్ణమైన ఈ ఇద్దరి జతే మొత్తం కుటుంబంలో అతి బలమైనది. హెర్-3 తోక మీద పి.ఐ.3-కైనేజ్ అనే ఎంజైము వచ్చి కూర్చోగల ఆసనాలు ఆరు ఉన్నాయి. అది ఆక్ట్ అనే ప్రోటీన్‌ను లేపుతుంది. కణానికి చావవద్దన్న ఆజ్ఞ ఆ దారిన పోతుంది. మరో దారిలో రాస్, మ్యాప్ కైనేజ్‌ల వరుస కేంద్రకం దాకా వెళ్ళి విభజన చెందమని చెబుతుంది. చావు వద్దు, విభజన కావాలి. ఈ రెండు ఆజ్ఞలు కలిసి నిరంతరం వచ్చే కణం దురాక్రమణకు దిగడంలో ఆశ్చర్యం లేదు.

అప్పటివరకు రొమ్ము క్యాన్సర్‌కు వాడిన కీమోథెరపీ ఈ తర్కం మీద పుట్టినది కాదు. 1976లో మిలాన్ నగరంలో జియాన్నీ బొనడోనా శస్త్రచికిత్స తరువాత ఇచ్చి ఫలితం చూపిన మూడు మందుల మిశ్రమంలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో రూపొందిన ఫోలేట్ విరోధుల సంతతి అది. అవి విభజన చెందే ప్రతి కణాన్నీ కొడతాయి. వెంట్రుకలు, పేగు పొర, ఎముకల మజ్జ కూడా ఆ దెబ్బ తినవలసిందే. హెర్-2 విషయంలో ఒకే ఒక్క ప్రోటీన్‌ను గురిచూసే అవకాశం వచ్చింది.

జెనెన్‌టెక్‌లో మైకేల్ షెపర్డ్, ఉల్రిక్ బృందం తయారుచేసిన ఎలుక ప్రతిరక్షకాలలో 4డి5 అన్నది హెర్-2 పెరిగిన కణాలను బాగా అణచింది. కాని ఎలుక ప్రోటీన్‌ను మనిషి శరీరం పరాయిదిగా గుర్తించి తిప్పికొడుతుంది. పాల్ కార్టర్, లెనర్డ్ ప్రెస్టా దాని కొనలను మాత్రం ఉంచి మిగిలినదంతా మానవ ప్రతిరక్షకంగా మార్చి 1992లో ప్రకటించారు. అదే ట్రాస్టుజుమాబ్, వ్యాపారనామం హెర్సెప్టిన్. ఇంత జరుగుతున్నా కంపెనీ యాజమాన్యం ఉత్సాహం చూపలేదు. ఘన కణితుల మీద ప్రతిరక్షకాలు పనిచేసిన దాఖలాలు లేవు, క్యాన్సర్ మందుల మీద పెట్టిన డబ్బు నీళ్ళలో పోసినట్టేనన్న అనుభవం అప్పటికే ఉంది. స్లామన్ కంపెనీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ గడ్డు రోజుల్లో ఆయన ప్రయోగశాలను నిలబెట్టినది సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్ ఇచ్చిన విరాళం. క్యాన్సర్ పరిశోధన చరిత్రలో లిప్‌స్టిక్ డబ్బుకు ఇంత మంచి వినియోగం మరొకటి ఉండదేమో.

మందు ప్రయోగాలలో ఉన్న కాలంలోనే బయట స్త్రీలు చనిపోతున్నారు. కాలిఫోర్నియాలో ఒక స్త్రీవైద్య నిపుణురాలు తన కణితికి హెర్-2 పరీక్ష చేయించుకోవడానికీ, మందును ప్రత్యేక అనుమతితో పొందడానికీ పోరాడింది. ఆమె కణితిలో హెర్-2 పెరిగి ఉందని తేలేటప్పటికి కొద్ది రోజుల ఆయువే మిగిలింది. ఆమె మరణం తరువాత, 1994 డిసెంబరులో ఉద్యమకారిణులు శవయాత్రలా కార్లు వరుసకట్టి జెనెన్‌టెక్ ఆవరణలోకి దూసుకుపోయారు. మరుసటి ఏడాది కంపెనీ ప్రయోగాల బయటి రోగులకు కొద్దిమందికి లాటరీ పద్ధతిలో మందు ఇవ్వడం మొదలుపెట్టింది. మందు నిజంగా పనిచేస్తుందో లేదో అప్పటికి ఇంకా రుజువు కాలేదు. అందరికీ ఇచ్చేస్తే ప్రయోగంలో చేరేవారు ఉండరు, రుజువు రాదు. ఇవ్వకపోతే ఎదుట ఉన్న మనిషి బతకదు. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం ఉంది. అయితే ఆ ఉద్యమ సంస్థలే తరువాత ప్రయోగపు రూపకల్పనలో కంపెనీతో కలిసి కూర్చుని, రోగులను చేర్చడంలో తోడ్పడ్డాయి. దానికి ఇవ్వవలసినంత గుర్తింపు వైద్య గ్రంథాలు ఇవ్వలేదు.

ఆ ప్రయోగంలో 469 మంది స్త్రీలు, అందరూ హెర్-2 పెరిగినవారే. ఈ ఎంపికే దాని ప్రాణం. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారినందరినీ చేర్చుకుని ఉంటే, అయిదుగురిలో ఒకరికి కలిగిన లాభం మిగిలిన నలుగురిలో కరిగిపోయి, మందు పనికిరాదని తేలేది. 1998 మేలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన క్యాన్సర్ వైద్యుల మహాసభలో ఫలితాలు చదివారు. ఆ సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది; ఎవరికి ఇవ్వాలో తేల్చే కణజాల పరీక్షకు కూడా అదే సమయంలో అనుమతి వచ్చింది. 2001లో పూర్తి వివరాలు అచ్చయ్యాయి. వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం 4.6 నెలల నుండి 7.4 నెలలకు, సగటు ఆయువు 20.3 నుండి 25.1 నెలలకు పెరిగింది. దాదాపు అయిదు నెలలు. అంకెగా చూస్తే చిన్నదే. 2005లో అదే మందును శస్త్రచికిత్స అయిన వెంటనే, వ్యాధి పాకకముందే ఇచ్చిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి పడిపోయింది. మొదటి ప్రయోగం ఆయువును పొడిగించింది. రెండో దశలో చాలామందికి వ్యాధి మళ్ళీ రానేలేదు.

2001 నివేదికలో ఎవరూ ఊహించని అంకె ఒకటుంది. ఆంత్రసైక్లిన్ వర్గపు కీమోథెరపీతో కలిపి ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవారిలో 27 శాతం మందికి గుండె బలహీనపడింది. కీమో ఒక్కటే తీసుకున్నవారిలో అది 8 శాతం. రొమ్ము కణాన్ని గురిచూసి వదిలిన బాణం గుండెకు ఎందుకు తగిలింది? సమాధానం అంతకు ఆరేళ్ళ ముందే అచ్చులో ఉంది. 1995లో హెర్-2 జన్యువు తీసివేసిన ఎలుక పిండాలు గుండె గోడ సరిగా ఏర్పడక గర్భంలోనే చనిపోయాయి. 2002లో పుట్టుక తరువాత గుండె కండరంలో మాత్రమే ఆ జన్యువు లేకుండా చేస్తే, గుండె ఉబ్బి బలహీనపడింది. గుండె కండరం తనమీద పడే ఒత్తిడిని తట్టుకోవడానికి న్యూరెగ్యులిన్ అనే కారకం ద్వారా, హెర్-4, హెర్-2 జత ద్వారా, సంకేతం అందుకుంటుంది. ఆంత్రసైక్లిన్ గుండెను గాయపరుస్తుంది. ప్రతిరక్షకం ఆ గాయాన్ని సరిదిద్దుకునే దారిని మూసేస్తుంది. ఈ సంగతి తెలిశాక రెండింటినీ ఒకేసారి ఇవ్వడం మానుకున్నారు, గుండె స్కానింగు చికిత్సలో భాగమైంది. పిండశాస్త్రపు పత్రికను క్యాన్సర్ వైద్యులు చదివి ఉంటే ఆ 27 శాతం చాలావరకు తప్పేదన్న విమర్శ కొంత కటువైనదే గాని, కాదనలేనిది.

మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న కూడా తేలిగ్గా తెమలలేదు. సంకేతాన్ని ఆపడమే అనుకున్నారు. 2000లో రవెచ్ ప్రయోగశాలలో ప్రతిరక్షకపు కాండాన్ని పట్టుకునే గ్రాహకాలు లేని ఎలుకలకు దీన్ని ఇస్తే, ప్రభావం చాలావరకు పోయింది. అంటే అది రోగనిరోధక కణాలను కూడా పిలుస్తోంది. పైగా ట్రాస్టుజుమాబ్ పట్టుకునే చోటు, గ్రాహకం జతకట్టే చేయి ఒకటి కావు. ఆ చేతిని పట్టుకునే రెండో ప్రతిరక్షకం పెర్టుజుమాబ్. 2012లో అనుమతి పొందిన ఆ మందును ట్రాస్టుజుమాబ్‌తోనూ కీమోతోనూ కలిపి ఇచ్చినప్పుడు, వ్యాధి పాకిన స్త్రీల సగటు ఆయువు 40.8 నెలల నుండి 56.5 నెలలకు పెరిగింది. 2001 నాటి 20.3 నెలల పక్కన ఈ అంకెను పెట్టి చూసుకోవచ్చు.

అందరికీ అందే ధరలో అది లేదు. భారతదేశంలో ట్రాస్టుజుమాబ్ ఖర్చు మధ్యతరగతి కుటుంబాన్ని కూడా అప్పుల పాలు చేసేది. చౌక ట్రాస్టుజుమాబ్ కోసం ప్రజాసంఘాల ఉద్యమం నడిచింది. 2013లో రోష్ కంపెనీ భారతీయ పేటెంట్లను వదులుకుంది. 2014లో బయోకాన్, మైలాన్ సంస్థల సమజీవ ఔషధం మార్కెట్లోకి వచ్చింది, దాని మీద ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. తరువాత హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా తన రూపాన్ని విడుదల చేసింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. బయోకాన్, మైలాన్ తయారుచేసిన ఔషధానికే 2017 డిసెంబరులో అమెరికా అనుమతి లభించింది. అమెరికాలో అనుమతి పొందిన మొదటి సమజీవ ట్రాస్టుజుమాబ్ అదే.

ఇటీవలి దశలో ప్రతిరక్షకం పాత్ర మారింది. సంకేతాన్ని ఆపడం కన్నా, కీమో మందును మోసుకెళ్ళి కణం గుమ్మం ముందు దించడం దాని ముఖ్యమైన పని అయింది. 2013లో వచ్చిన మొదటి జంట మందు తరువాత, 2019లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనుమతి పొందింది. దానిలోని విషం కాంప్టోథెసిన్ సంతతిది; ఒక చైనా చెట్టు బెరడు నుండి మొదట దొరికిన పదార్థం అది. ఈ విషం తాను చేరిన కణాన్ని చంపి, పక్క కణాలలోకి కూడా పాకుతుంది. కాబట్టి ప్రతి కణం మీదా హెర్-2 లక్షల్లో ఉండనక్కరలేదు. 2022 జూన్‌లో ప్రకటించిన ప్రయోగంలో, అంతవరకు హెర్-2 లేనివారిగా లెక్కించిన స్త్రీలలో, అంటే కణజాల పరీక్షలో ఒకటి లేదా రెండు గుర్తులు మాత్రమే వచ్చి జన్యువు ప్రతులు పెరగనివారిలో, ఈ మందు ఆయువును పెంచింది. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ పరీక్షలో సున్నాకూ ఒకటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండింటికీ చికిత్సలో తేడా ఉండేది కాదు గనుక, నివేదిక రాసే రోగనిర్ధారణ నిపుణుడు ఏది రాసినా ఒకటే అయ్యేది. ఇప్పుడు ఆ లేత గోధుమరంగు గీత ఉందా లేదా అని సూక్ష్మదర్శిని కింద ఇద్దరు నిపుణులు ఒకే పలక చూసి విభేదిస్తున్నారు. పాత కణితుల పలకలను బీరువాల నుండి బయటికి తీసి మళ్ళీ చదువుతున్నారు.